సైరన్ ఎవరు మోగించాలి? రిస్క్ మేనేజ్‌మెంట్ తరగతిలో ఒక ఉత్తుత్తి ప్రమాదం

ఆఖరి ఏడాది విద్యార్థులు రాసుకొచ్చే రిస్క్ రిజిస్టర్లలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. ప్రమాదం పేరు, దాని కారణం, జరిగే అవకాశం ఐదుకి ఇంత, తీవ్రత ఐదుకి ఇంత, రెండూ గుణిస్తే వచ్చిన అంకె, ఆ అంకెను బట్టి ఎరుపో పసుపో రంగు, చివరి గడిలో నివారణ చర్య. ఆ చివరి గడిలో దాదాపు ప్రతి జట్టూ ‘సైరన్ మోగించి చుట్టుపక్కల ప్రజలను అప్రమత్తం చేయాలి’ అని రాస్తుంది. ఎవరు మోగించాలి, ఏం చూసి మోగించాలి, మోగాక ఊళ్లోవాళ్లు ఎటు పోవాలి అన్నవి మాత్రం అందులో దొరకవు. పరీక్షలో ఆ జవాబు వస్తే మార్కులు వేయాల్సిందే, వేస్తాం కూడా.

విశాఖపట్నంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఇండస్ట్రియల్ సేఫ్టీ, రిస్క్ మేనేజ్‌మెంట్ ఎలక్టివ్ చెబుతాను. టీచింగ్‌లోకి రాకముందు ప్లాంట్లలో సేఫ్టీ విభాగంలో పనిచేశాను. ఈ ఎలక్టివ్‌లో మేం నడిపే టేబుల్‌టాప్ ఎక్సర్‌సైజ్‌ను (బల్లల చుట్టూ కూర్చుని, పాత్రలు పంచుకుని ఆడే ఉత్తుత్తి ప్రమాదం) ఎలా కట్టాం, అది ఎలా నడుస్తుంది, దాన్నుంచి విద్యార్థుల చేతిలో ఏం మిగులుతుంది అన్నదే ఈ కేస్ స్టడీ. విద్యార్థులకు అత్యవసర స్పందన నేర్పడం దీని పని కాదు. ఒక మధ్యాహ్నంలో ఎవరూ ఫైర్ ఆఫీసర్ అయిపోరు. తమ చేత్తో రాసిన రిజిస్టర్‌ను నమ్ముకుని ఒక రాత్రి నెగ్గుకురావాలి. అది ఎక్కడ అక్కరకు రాలేదో పట్టుకుని తిరగరాయాలి. వాళ్ల పని అంతే.

ఏ ప్రమాదం

విశాఖలో ఈ పాఠం చెప్పేవాళ్లు ఉదాహరణ కోసం వెతుక్కోనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో ఎం-6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్ వల్ల ప్లాంటులో ఉత్పత్తి ఆగిపోయి ఉన్న రోజులవి.

స్టైరీన్ తనంతట తానే గట్టిపడి పాలిమర్‌గా మారే గుణమున్న ద్రవం. మారేటప్పుడు వేడి పుడుతుంది, పుట్టిన వేడి ఆ మార్పును ఇంకా తొందరపెడుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, ట్యాంకులో ద్రవం కదులుతూ ఉండాలి, టీబీసీ అనే ఇన్‌హిబిటర్ (గట్టిపడకుండా ఆపే రసాయనం) కలుపుతూ ఉండాలి. ఆ టీబీసీ పనిచేయడానికి ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉండటం, పైభాగం వేడెక్కినా తెలియకపోవడం, కూలింగ్ 24 గంటలూ నడపకపోవడం, ఇన్‌హిబిటర్ నిల్వ లేకపోవడం అందులో బయటపడ్డాయి. ప్లాంటులో 36 చోట్ల సైరన్ నొక్కే ఏర్పాటు ఉన్నా ఆ రాత్రి సైరన్ మోగలేదని కూడా కమిటీ తేల్చింది. ప్రమాదం జరిగాక ఇన్‌హిబిటర్‌ను గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది.

రిస్క్ మేనేజ్‌మెంట్ చెప్పడానికి ఇంతకంటే నిండైన ఉదంతం నాకు తెలియదు. అయినా దాన్ని ఉన్నదున్నట్టు ఎక్సర్‌సైజ్‌గా పెట్టం. ఒక కారణం బోధనకు సంబంధించింది: ముగింపు తెలిసిన కథలో ఎవరూ అనుమానపడరు, మొదటి నిమిషంలోనే సైరన్ దగ్గరికి పరిగెత్తుతారు. రెండో కారణం అంతకంటే పెద్దది. కొన్ని బ్యాచుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఉంటారు. వాళ్ల ఇంటి కథను వాళ్లచేతే ఆడించే హక్కు మనకు లేదు. కాబట్టి ప్లాంటు పేరు, ఊరి పేరు, మ్యాపు అన్నీ కల్పితం. ఆటలో సమాచారం అందించే చీటీల్లో ఎక్కడా మృతుల సంఖ్య రాయం. పాత్ర వద్దనుకున్నవాళ్లు కారణం చెప్పకుండానే పరిశీలకుల బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఇది ముందు వారమే ప్రకటిస్తాం, అడిగి తెలుసుకోవాల్సిన అవసరం రానివ్వం.

కట్టిన తీరు

ముందుగా జట్లన్నీ ఒకే కల్పిత ప్లాంటుకు రిస్క్ రిజిస్టర్ రాసి ఇస్తాయి. వాటిలోంచి ఒకటి ఎంచి, దానిమీదే ఎక్సర్‌సైజ్ కడతాం. నేను తెచ్చిన కథలో ఓడిపోతే ‘సార్ కావాలని ఇరికించారు’ అనుకుంటారు. తాము రాసిందే చేతికి రాకపోతే ఆ మాట అనడానికి వీలుండదు.

రెండు గదులు తీసుకుంటాం. ఒకటి ప్లాంటు: కంట్రోల్ రూమ్ ఆపరేటర్, షిఫ్ట్ ఇన్‌చార్జి, సేఫ్టీ ఆఫీసర్, గేటు సెక్యూరిటీ. వీళ్లు కాక ఇంట్లో నిద్రపోతున్న సైట్ మెయిన్ కంట్రోలర్, అంటే ప్రమాద సమయంలో ప్లాంటు మొత్తానికి బాధ్యుడు. రెండో గదిలో ఒక మూల జిల్లా యంత్రాంగం: కలెక్టరేట్ కంట్రోల్ రూమ్, పోలీసు, అగ్నిమాపక శాఖ, 108, జిల్లా వైద్యాధికారి. ఇంకో మూల ఊరు. ఊరి బల్ల దగ్గర సర్పంచ్, పాలకేంద్రం నడిపే మనిషి, పసిబిడ్డ తల్లి, మంచంమీద ముసలాయన, రాత్రి డ్యూటీ నుంచి తిరిగొస్తున్న ఆటోడ్రైవరు ఉంటారు. చాలాచోట్ల ఇలాంటి ఎక్సర్‌సైజుల్లో ఊరు అంటే మ్యాపు మీద ఒక వృత్తం, పక్కన ఒక జనాభా అంకె. ఆ వృత్తంలోవాళ్లకు నోరిస్తే గాని ‘ఖాళీ చేయించాలి’ అన్న రెండు మాటల బరువు తెలియదు.

గదుల మధ్య ఒకే ఫోన్. మిగతా కబుర్లన్నీ కాగితంమీద రాసి మనిషి చేత పంపాలి. సెల్‌ఫోన్లు బయట బుట్టలో పెట్టిస్తాం. ఇది క్రమశిక్షణ కోసం కాదు. ఈ ఊళ్లో ‘గ్యాస్ లీకైందట’ అన్న ముక్క ఎవరి వాట్సాప్ స్టేటస్‌లో కనిపించినా సాయంత్రానికి ఎల్‌జీ పాలిమర్స్ దగ్గరి గోపాలపట్నం దాకా పాకుతుంది. ప్రతి కబురూ ‘మాక్ డ్రిల్’ అన్న మాటతో మొదలవ్వాలి, ముగిసేటప్పుడూ అదే మాట. నిజం సైరన్ వాడం, 108కి నిజంగా ఫోన్ చేయం. వాచ్‌మన్‌కూ హాస్టల్ వార్డెన్‌కూ ముందే చెబుతాం.

సమాచారమంతా చీటీల్లో వస్తుంది. ఎక్సర్‌సైజ్ ప్రాణం ఈ చీటీల పంపకంలోనే ఉంది: ఏ ఒక్క బల్లకూ పూర్తి బొమ్మ ఇవ్వకూడదు. గాలి ఎటు వీస్తోందో ప్లాంటుకు తెలుసు, ఎందుకంటే గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, వాళ్ల దగ్గరే ఉంది. వాసన ఎక్కడిదాకా వచ్చిందో ఊరికి తెలుసు. ఆసుపత్రిలో ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయో వైద్యాధికారికే తెలుసు.

సమయం ఎప్పుడూ అర్ధరాత్రి దాటాకే పెడతాం. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆన్‌సైట్ (ప్లాంటు లోపలి) అత్యవసర ప్రణాళికకు ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి, ఆఫ్‌సైట్ (ప్లాంటు బయటి) ప్రణాళికకు ఏడాదికోసారి రిహార్సల్ జరగాలి. పరిశ్రమల్లో నేను చూసిన డ్రిల్లులు ఎక్కువగా జనరల్ షిఫ్టులో, టీ టైముకీ భోజనానికీ మధ్య, అందరికీ తెలిసిన రోజున జరిగేవి. హెల్మెట్లు మెరుస్తుంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. విద్యార్థుల రిజిస్టర్లలో కూడా తెలియకుండానే అదే పగలు ఉంటుంది: మేనేజరు సీటులో ఉంటాడు, మెయింటెనెన్స్ వాళ్లు పిలిస్తే వస్తారు. రాత్రి మూడింటికి వీళ్లెవరూ ఉండరు. పైగా రాత్రిపూట గాలి మందగించి, నేల దగ్గరి చల్లగాలి కదలకుండా పరుచుకుంటుంది. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి చెదిరిపోకుండా నేలబారుగా, పడుకున్న మనుషుల ఎత్తులో సాగుతుంది.

ఆ మధ్యాహ్నం

ఒక బ్యాచ్‌తో నడిచిన తీరు చెబుతాను. మిగతా బ్యాచులు వివరాల్లో వేరైనా వరస ఇంచుమించు ఇదే.

కథలో రాత్రి 1.40. కంట్రోల్ రూమ్‌కు మొదటి చీటీ: ట్యాంకు అడుగు సెన్సార్ 18 డిగ్రీలు, అంతా మామూలే. కూలింగ్ కంప్రెసర్‌ను సాయంత్రం ఆపినట్టు లాగ్‌బుక్‌లో ఒక వాక్యం. ఆ వాక్యం ఎవరూ చదవలేదు. లాగ్‌బుక్ బల్లమీదే ఉంది.

రెండో చీటీ: ట్యాంకు లెవెల్ కొద్దిగా పెరిగింది. ఏ పంపూ నడవడం లేదు. కెమికల్ ఇంజనీరింగ్ పిల్లలకు ఇది చాలాలి. లోపలికి చుక్క రాకుండా మట్టం పెరిగిందంటే ఉన్న ద్రవమే వేడెక్కి వ్యాకోచిస్తోందని అర్థం. పరీక్షలో అడిగితే తడుముకోకుండా చెబుతారు. బల్ల దగ్గర మాత్రం ఆపరేటర్ పాత్రలో ఉన్న కుర్రాడు ‘లెవెల్ ట్రాన్స్‌మిటర్ పోయుంటుంది, ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లకు పొద్దున చెబుదాం’ అన్నాడు. మట్టం కొలిచే మీటరు చెడిపోయిందని అతని ఉద్దేశం. ఉష్ణోగ్రత మామూలుగా చూపిస్తుంటే లెవెల్‌ను అనుమానించడం సహజమే. నిజం ప్లాంటుల్లో కూడా మొదట నింద పడేది మీటరు మీదే.

మూడో చీటీ ఊరికి వెళ్లింది: తియ్యటి ఘాటు వాసన, కళ్లమంట, పసిబిడ్డ దగ్గు. తల్లి పాత్రలో ఉన్న అమ్మాయి పాలకేంద్రం మనిషిని లేపింది, అతను 112కి కబురు పంపాడు. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ దాన్ని పోలీసుకు, పోలీసు అగ్నిమాపక శాఖకు దాటించారు. ‘ఎక్కడి నుంచి వస్తోంది?’ అని అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు. ఫోన్ ఖాళీ అయ్యాక అగ్నిమాపక బల్ల ప్లాంటుకు చేసి అడిగింది: ‘మీ దగ్గరేనా?’ అప్పటికి గేటు సెక్యూరిటీ చేతిలో కూడా వాసన గురించిన చీటీ ఉంది. అది షిఫ్ట్ ఇన్‌చార్జి చేతికి చేరింది గాని, ఆయన లెవెల్ ట్రాన్స్‌మిటర్ చర్చలో ఉన్నాడు. తన ట్యాంకు సంగతి ప్లాంటుకు ఊరు తిరిగొచ్చి తెలిసింది.

ఇక్కడ రిజిస్టర్ తెరిచారు. ‘సైరన్ మోగించాలి.’ ఆపరేటర్ షిఫ్ట్ ఇన్‌చార్జి వైపు చూశాడు. ఆయన సేఫ్టీ ఆఫీసర్ వైపు చూశాడు, ఆవిడ సైట్ మెయిన్ కంట్రోలర్‌కు ఫోన్ చేయబోయింది. ఆ కంట్రోలర్‌కు నేను ముందే ఒక చీటీ ఇచ్చి ఉంచాను: ‘మీ ఫోన్ ఛార్జింగ్‌లో, సైలెంట్‌లో ఉంది.’ ప్రతి క్లాసులో గొంతు పెద్దదిగా ఉన్నవాళ్లు ఒకరుంటారు, వాళ్లు అన్ని నిర్ణయాలూ తామే తీసేసుకుంటారు. అందుకే ఆ పాత్ర వాళ్లకే ఇచ్చి నిద్రపుచ్చుతాను.

షిఫ్ట్ ఇన్‌చార్జి నా దగ్గరికి వచ్చాడు. ‘సార్, సైరన్ నొక్కే అధికారం నాకుందా?’

‘మీ రిజిస్టర్ ఏం చెబుతోంది?’

రిజిస్టర్ ఏమీ చెప్పడం లేదు. చివరికి సైరన్ నొక్కింది గేటు సెక్యూరిటీ పాత్రలో ఉన్న అమ్మాయి, ఎవరినీ అడగకుండా. అప్పటికి ఊరి బల్ల సగం ఖాళీ. సైరన్ విన్న ఊరివాళ్లు కొందరు బయటికి పరిగెత్తారు, కొందరు తలుపులు వేసుకున్నారు, ఆటోడ్రైవరు జనాన్ని ఎక్కించుకుని గాలి వీస్తున్న వైపే తీసుకెళ్లాడు. సైరన్ వినపడితే ఏం చేయాలో వాళ్లకు ఎవరూ ఏనాడూ చెప్పలేదు. గాలికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలన్నది ప్లాంటు గదిలో గోడమీద బొమ్మగా అంటించి ఉంది.

ఆ తర్వాతి చీటీల్లో ఇన్‌హిబిటర్ డ్రమ్ములు ఖాళీ అని, దగ్గర్లో ఎక్కడా సరుకు లేదని తెలుస్తుంది, ఒక టీవీ చానల్ ‘భారీ పేలుడు’ అని స్క్రోలింగ్ వేస్తుంది. వాటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. అసలు పాఠం అప్పటికే అయిపోయింది.

గోడ మీద కాగితం

ఆట ఆపిన వెంటనే టీ కూడా ఇవ్వకుండా సమీక్షకు కూర్చుంటాం. గోడకు పొడవాటి కాగితం అంటించి, పరిశీలకులు రాసుకున్న నిమిషాల వారీ నోట్సు నుంచి కేవలం జరిగింది మాత్రం ఎక్కిస్తాం. మొదటి విడతలో ‘ఎందుకు’ అన్న ప్రశ్న నిషిద్ధం. పేర్లు నిషిద్ధం, పాత్రలే. కాగితం నిండాక ఒక్కో మలుపు దగ్గర ఆగి ఒకటే అడుగుతాం: ఆ నిమిషంలో ఈ బల్లకు ఏం తెలుసు?

ఈ ప్రశ్న లేకపోతే సమీక్ష తిట్ల దండకమైపోతుంది. అంతా తెలిశాక ఆపరేటర్‌ను తప్పుపట్టడం సులువు. అతనికి తెలిసింది 18 డిగ్రీలు, ఒక వింత లెవెల్. అతన్ని మార్చడం వల్ల ఏమీ మారదు, మీటరు పెట్టిన చోటు మార్చాలి. ఈ సంగతి నేను ఉపన్యాసంలో చెబితే నోట్సులో రాసుకుంటారు. అదే ఆపరేటర్ పాత్ర వేసిన కుర్రాడు, కాస్త ఉక్రోషంగానే, ‘నాకు పైభాగం ఉష్ణోగ్రత చూపించే మీటరే ఇవ్వలేదు కదా’ అన్నప్పుడు గదంతా తలెత్తింది. ఆ రిజిస్టర్ రాసిన జట్టులో అతనూ ఉన్నాడు.

తిరగరాసిన గడి

వారం తర్వాత అదే జట్టు ఇచ్చిన రెండో రిజిస్టర్‌లో స్టైరీన్ ట్యాంకు వరస ఒక పేజీకి పెరిగింది. పాతదాంట్లో ‘ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు పరిశీలించాలి’ అని ఉన్నచోట పై, మధ్య, అడుగు స్థాయుల్లో సెన్సార్లు వచ్చాయి. పంపు నడవకుండా లెవెల్ పెరిగితే దాన్ని మీటరు లోపంగా కాక వేడి సూచనగా తీసుకోవాలని, షిఫ్ట్ ఇన్‌చార్జి ఎవరినీ అడగకుండా కూలింగ్ మొదలుపెట్టాలని రాశారు. గేటు బయట రెండు వేర్వేరు చోట్ల నుంచి వాసన కబురు వస్తే, గేటు దగ్గరున్న మనిషితో సహా ఎవరైనా సైరన్ నొక్కవచ్చు. తప్పుడు సైరన్‌కు శిక్ష ఉండదని యాజమాన్యం సంతకంతో నోటీసు బోర్డు మీద ఉండాలి. ఇన్‌హిబిటర్ నిల్వ కనీస మట్టం దిగితే ట్యాంకు నింపకూడదు.

అవకాశం గడిలో మాత్రం గొడవ వచ్చింది. పాత రిజిస్టర్‌లో 2 వేసినచోట చాలా జట్లు 5 వేశాయి. ఇది ఈ పద్ధతిలో ఉన్న అసలు లోపం. ఒక మధ్యాహ్నం కథ ఆడినంత మాత్రాన లోకంలో ట్యాంకులు వేడెక్కే అవకాశం పెరగదు. కళ్లముందు జరిగినట్టు అనిపించినదాన్ని మనసు తరచుగా జరిగేదిగా లెక్కేసుకుంటుంది, ఎక్సర్‌సైజ్ ఆ బలహీనతను ఇంకా పెంచుతుంది. ‘5 అంటే ఆధారం చూపండి’ అని తిప్పి పంపాను. ఒక జట్టు ఇచ్చిన జవాబు నాకు నచ్చింది: కూలింగ్ నడుస్తూ, ఇన్‌హిబిటర్ ఉండి, సరుకు కదులుతున్నప్పుడు 2 సరైనదే, ప్లాంటు వారాల తరబడి మూతపడి సరుకు నిలవుంటే ఆ 2 చెల్లదు. అందుకని ఒకే ప్రమాదానికి రెండు వరసలు రాశారు, ఏ పరిస్థితిలో ఏ వరస చూడాలో కూడా. రిస్క్ అంకె పక్కన అది ఏ షరతుల మీద నిలబడిందో రాయాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. చెప్పగా రాసిన జట్లను నేను పెద్దగా చూడలేదు.

మార్కులు, రెండో ఆట

ఇంటర్నల్ మార్కులు ఎక్సర్‌సైజ్‌లో ప్రతిభకు ఇవ్వాలని విభాగంలో కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆటలో మార్కులున్నాయని తెలిస్తే ప్రతి బల్లా న్యాయనిర్ణేతకు కనిపించేలా నటిస్తుంది, తెలియదన్న మాట ఎవరి నోటా రాదు. మార్కులు మొదటి రిజిస్టర్‌కు, రెండోదానికి, ఆ రెండిటి మధ్య ప్రతి మార్పుకూ రాసిన కారణానికి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు చూపించడానికి కాగితం కూడా ఉంటుంది, దాంతో విభాగం కూడా ఊరుకుంది.

మొదటి ఆటతో ఆపేస్తే ఇంకో నష్టం ఉంది: అనుమానం రాగానే సైరన్ నొక్కడమే రిస్క్ మేనేజ్‌మెంట్ అనుకుని వెళ్లిపోతారు. అందుకే సెమిస్టర్ చివర్లో రెండో ఆట. ఈసారి తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ పిల్లలు బడిలో ఉన్నారు. కరెంటు పోవడం, సెల్ టవర్లు పడిపోవడం వాళ్లకు గుర్తే. కాబట్టి చీటీలు అందుకోగానే ఊళ్లు ఖాళీ చేయించేస్తారు. ఆ తర్వాతి చీటీలో తుపాను సముద్రంలోనే బలహీనపడుతుంది. ఇది కల్పన కాదు, 2021 డిసెంబరులో జవాద్ విషయంలో అచ్చంగా అలాగే జరిగింది. ఇప్పుడు ఊరి బల్ల తిరగబడుతుంది: పడవలు ఆగాయి, కూలి పోయింది, పునరావాస కేంద్రంలో పిల్లలకు జ్వరాలు, మళ్లీ పిలిస్తే రామంటున్నారు.

ఖాళీ చేయించిన నిర్ణయం సరైనదేనా? ఆ నిమిషంలో ఏం తెలుసు అన్న పాత ప్రశ్నే మళ్లీ వేస్తాం. ఈసారి తరగతి రెండుగా చీలుతుంది, చీలనివ్వాలి. ఒక బ్యాచ్‌లో ఎంబీఏ నుంచి ఎలక్టివ్ తీసుకున్న విద్యార్థిని, పోయిన కూలిని ఎవరు భరించాలో ప్రణాళికలో ముందే రాసి ఉంటే ఊరివాళ్లు రెండోసారి కూడా వస్తారని వాదించింది. అది ఇంజనీర్లలో ఎవరికీ తట్టలేదు. అప్పటినుంచి జట్లలో విభాగాలు కలిపే కూర్చోబెడుతున్నాం.

దీనికి కావాల్సిన సరంజామా తక్కువే: రెండు గదులు, చీటీలు, ఒక మ్యాపు, గోడకు కాగితం, నిమిషాలు రాయడానికి ఓపికున్న నలుగురు పరిశీలకులు. క్లాసు అరవై మందైతే సగం మంది ఆడాలి, సగం మంది పరిశీలించాలి, రెండో ఆటకు మారాలి. చీటీలు రాయడమే కష్టం, వాటిని ప్లాంటులో షిఫ్టులు చేసినవాళ్లతో ఒకసారి చదివించాలి. లేకపోతే లాగ్‌బుక్‌లో ఆ ఒక్క వాక్యం ఎలా రాసుంటుందో మాస్టర్లకు తెలియదు. వచ్చే సెమిస్టర్‌కు ఊరి బల్ల దగ్గర విద్యార్థుల పక్కన వార్డు సచివాలయం సిబ్బందిని కూర్చోబెట్టాలని అనుమతి కోసం రాశాం, జవాబు రావాలి.